ఆరో సంచిక, పదహారో పేజీ

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు ఎర్రచీమ అని పిలిచే నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావగారు, మా అత్తగారు, పిల్లి అందరం క్షేమం. చివర రాసినందుకు పిల్లీ, పిల్లి పక్కన రాసినందుకు అత్తగారూ అలుగుతారు కాబట్టి ఈ కాగితం ఎవరికీ చూపించకుండా రాస్తున్నాను. అక్కడ రేవులో నువ్వూ నీ క్రేనూ క్షేమమని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. స్నానాలగది పైకప్పు కారడం ఆగింది. మీ బావగారు బాగుచేశారనుకోకు, వానలు ఆగాయి. ఊళ్ళో లిఫ్టులన్నీ పైకీ కిందకీ నడిపించే మనిషికి సొంత ఇంటి కప్పు మాత్రం చేతికి అందదు. అత్తగారి మోకాలు నొప్పి అలాగే ఉంది. నోటికి ఏ నొప్పీ లేదు.

నీ ఎడమ చెవి సంగతి రాశావు. క్రేను మోతకి అది పూర్తిగా పోయిందనీ, ఇకమీదట ఎడమ పక్క నిలబడి ఎవరు తిట్టినా హాయిగా ఉంటుందనీ. చదివి గట్టిగా నవ్వాను. ఆ తర్వాత, నీ ఇంట్లో నీ ఎడమ పక్కన నిలబడి తిట్టే మనిషే లేదు కదా అని గుర్తొచ్చింది. ఇంత దూరంలో ఉన్నాను కాని, దగ్గరుంటే ఆ పని నేను చూసుకునేదాన్ని. ఎడమ పక్క వినపడకపోతే కుడి పక్కకొచ్చి తిట్టేదాన్ని.

ఫోటో పంపమంటే పంపావు, సంతోషం. అందులో క్రేను ఎక్కువ, నువ్వు తక్కువ. హెల్మెట్టు కింద కనిపించే గడ్డం నీదే అయి ఉంటుందని నమ్మి ఫ్రేము కట్టించాను. నా పెళ్ళికి నువ్వు పంపిన గోడగడియారం కింద తగిలించాను. రోజుకోసారి దాని ముందు నిలబడి, పదిహేడేళ్ళ మా అన్నయ్య ఈ యాభై ఏళ్ళ మనిషి లోపల ఎక్కడ కూర్చున్నాడా అని వెతుకుతాను.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. వేలం హాల్లో నా పని ఏం మారలేదు. తెల్ల చేతితొడుగులు వేసుకుని, పాటకి వచ్చిన వస్తువు పట్టుకుని వేదిక మీద నిలబడాలి. అటూ ఇటూ తిప్పి చూపించాలి. నవ్వకూడదు. ఏడో తరగతితో ఆపేసినదానికి ఇంతకన్నా గౌరవమైన పని ఎవరిస్తారు చెప్పు? కుండీలూ, గడియారాలూ, చనిపోయినవాళ్ళ కుర్చీలూ పోయి, ఈ మధ్య అంతా బొమ్మల పుస్తకాలే వస్తున్నాయి. మనం చిన్నప్పుడు మంచం కింద దూరి చదివిన వీరుల పుస్తకాలే. వాటిని ముందు గ్రేడు వేసే చోటికి పంపుతారు. అక్కడ భూతద్దం పెట్టి చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, లోపాలన్నీ రాసిన చీటీ పైన అంటించి పంపుతారు. ఇక ఆ పెట్టె తెరవడానికి లేదు. తెరిస్తే గ్రేడు పోయినట్టే.

ఆ చీటీల భాష నాకు బాగా పట్టుబడింది. మీ బావగారికి నేను వేసిన గ్రేడు నాలుగున్నర. అంచులు నలిగాయి, వెన్ను కొంచెం ఒంగింది, పైభాగంలో రంగుతోపాటు జుట్టు కూడా పోయింది, కాని పేజీలన్నీ ఉన్నాయి. ఇదంతా చీటీ మీద రాసి చొక్కా వీపుకి అంటించాను. పాపం, మూడు లిఫ్టులు బాగుచేసి ఇంటికొచ్చేదాకా చూసుకోలేదు.

"ఇంకా కోతివేషాలు మానలేదా?" అని రాశావుగా. ఇదిగో, ఇంకోటి విను. మా దగ్గర పాట పాడించే ఆయన్ని అందరం సుత్తాయన అంటాం. చేతిలో నల్లటి కొయ్య సుత్తి ఉంటుంది, అదంటే ప్రాణం. ఒకరోజు దాని స్థానంలో స్పాంజితో చేసి అచ్చం అలాగే రంగు వేసిన సుత్తి పెట్టాను. ఆయన "మూడోసారి!" అని చెయ్యెత్తి బల్ల మీద కొట్టాడు. చప్పుడు లేదు. ఆయన సుత్తి వంక చూశాడు. హాలంతా ఆయన వంక చూసింది. ఆయన తల తిప్పి నా వంక చూశాడు. ఆ నెల జీతంలో కోత పడింది. అయినా గిట్టుబాటే అన్నయ్యా.

ఇక ధరల మాట. గాలిపిడుగు ఆరో సంచిక అంత ధర పలికిందని పేపర్లో చదివాను, నిజమేనా అని అడిగావు. నిజమే, పట్టుకుని నిలబడింది నేనే. వీరుడు మొదటిసారి పసుపు అంగవస్త్రం కప్పుకుని మేడ మీద నుంచి దూకే బొమ్మ ఉన్న అట్ట. తొమ్మిదిన్నర గ్రేడు. మా వీధి చివర ఉన్న మేడ ఇల్లు, దాని ముందు నిలిపిన కారు, ఆ కారులో పెట్రోలు, అన్నీ వచ్చే డబ్బుకి పోయింది. అంతకు ముందు వారం అదే సంచిక, తొమ్మిది గ్రేడుది, అందులో సగానికి పోయింది. తేడా ఏమిటండీ అని గ్రేడు పెద్దమనిషిని అడిగాను. "కింది పిన్నుకి ఆవగింజంత తుప్పు" అన్నాడు. ఆవగింజ సగం మేడని మింగేసింది. ఇంతకీ ఆ తొమ్మిదిన్నర పుస్తకం గొప్పతనం ఏమిటో తెలుసా? దాన్ని ఏ పిల్లా పిల్లాడూ చదవలేదు. కొన్న రోజు నుంచీ ఎవరో బీరువాలో పెట్టి తాళం వేశారు. చదివిన పుస్తకానికి చెప్పుల జత ధర, చదవనిదానికి మేడ ధర. నా చేతుల్లో అది కొత్త నోటులా మెరుస్తుంటే, పాపం దీన్ని ఎవరూ ప్రేమించలేదు అనిపించింది.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నేను ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడం ఎప్పుడూ లేదు. కారణం ఆ ప్రశ్న కింద నువ్వు రాసిన వాక్యం. "మన ఆరో సంచిక ఆ మనిషి పొయ్యిలో పెట్టకపోయుంటే ఈపాటికి మనమూ మేడ కట్టేవాళ్ళం." సరదాకే రాశావని తెలుసు. కాని నాన్నని ఇప్పటికీ "ఆ మనిషి" అనే రాస్తున్నావు. ఆయన పోయి ఇరవై ఏడేళ్ళయింది అన్నయ్యా.

నీ ఉత్తరం అందిన వారానికి హాల్లో ఒక పెట్టె విప్పాం. మన పాత వీధి మలుపులో పాత సామాను కొట్టు ఉండేది గుర్తుందా, దాని తాతగారు పోతే, ఆయన పిల్లలు కొట్టులో మిగిలిన బొమ్మల పుస్తకాలన్నీ గ్రేడు వేయించి పాటకి పంపారు. ఒక్కొక్కటీ తీసి నంబరు వేస్తున్నాను. ఆరో సంచిక ఒకటి తగిలింది. గ్రేడు ఒకటిన్నర. చీటీ చదివాను. "ఏడో పేజీలో వీరుడి ముఖానికి సిరాతో మీసం. మధ్య కాగితం ఊడి, దారంతో చేతికుట్టు వేసి ఉంది. పదహారో పేజీ అంచున పెన్సిలుతో అంకెలు."

మీసం అన్నచోట ఫక్కున నవ్వాను. మన గాలిపిడుగుకి మీసం పెట్టింది ఎవరో నీకు తెలుసు, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా తరిమావు కూడా. సరేలే, నాలాంటి చేతులు ఇంకా ఉంటాయి లోకంలో అనుకుని కింది వాక్యం చదివాను. చేతికుట్టు. నవ్వు ఆగిపోయింది. పుస్తకం చిరిగితే జనం జిగురు రాస్తారు, టేపు అంటిస్తారు. సూదీ దారం తీసేది ఎవరన్నయ్యా? కుట్టుమిషను వెనకాల కూర్చున్నవాడు తప్ప?

కాలి బూడిదైన పుస్తకానికి కుట్టు వేయడమేంటే అని ఇక్కడ ఆగి అడుగుతావు. చెప్తాను. వరసగా చెప్పనివ్వు. మధ్యలో అడిగితే ధైర్యం జారిపోతుంది.

నాన్న ఏ బట్ట కుట్టినా చివరి ముడి ఎర్రదారంతో వేసేవాడు, గుర్తుందా? తెల్ల చొక్కా అయినా సరే, లోపల కనపడని చోట గోరంత ఎర్రముడి. "బట్ట తిరిగి వస్తే నా చేతిదో కాదో తెలియాలి కదమ్మా" అనేవాడు. చీటీ మీద దారం అని ఉంది కాని రంగు రాయలేదు. పెట్టెలోంచి అట్ట కనపడుతుంది, లోపలి పేజీలు కనపడవు. దాన్ని ఎండకి పట్టి చూశాను, లైటుకి పట్టి చూశాను, చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశాను, పిచ్చిదాన్ని.

హాల్లో పనిచేసేవాళ్ళు పాట పాడకూడదు. అది నియమం. అందుకని మీ బావగారిని పట్టుకున్నాను.

"గురువారం నలభై ఒకటో లాటు వచ్చినప్పుడు నంబరు అట్ట ఎత్తండి. నేను చెవి గోక్కునేదాకా దించొద్దు."

"ఎందుకు?"

"ఆ పుస్తకం నాకు కావాలి."

"నీకా? బొమ్మల పుస్తకమా?" నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "పోయినేడు నాకు బహుమతి ఇస్తున్నారని చెప్పి సూటు వేయించి తీసుకెళ్ళావు. వేదిక మీదకి పిలిచి నా చేతికి చీపురిచ్చారు."

"ఇది అలాంటిది కాదండీ."

"చీపురప్పుడూ ఇదే మాటన్నావు."

అసలు సంగతి చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేకపోయాను. అది నీకు చెప్పకుండా ఇంకెవరికీ చెప్పడానికి నోరు రాలేదు.

గురువారం వచ్చింది. మీ బావగారు రమ్మన్నట్టే వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. నలభై ఒకటో లాటు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. చేతితొడుగుల్లో చెమట. సుత్తాయన ధర చెప్పాడు, మంచి చెప్పుల జత ధర. కళ్ళజోళ్ళ కొట్టాయన అట్ట ఎత్తాడు. ఆయన వారం వారం వస్తాడు, ఒకటి నుంచి వందదాకా అన్ని సంచికలూ వరసగా ఉండాలని కొంటాడు. నేను మీ బావగారి వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని, ఈసారి నేను పడనే అన్నట్టు చిన్నగా నవ్వుతున్నారు. కళ్ళు పెద్దవి చేశాను. ఆయన నవ్వు ఇంకా పెద్దదైంది. "రెండోసారి" అన్నాడు సుత్తాయన. నాకు ఏమైందో తెలియదు అన్నయ్యా, "నాకు! నాకు కావాలి! అది మాదండీ!" అని వేదిక మీద నుంచే అరిచాను.

హాలంతా గొల్లుమంది. సుత్తాయన ముందు తన సుత్తి స్పాంజిదేమో అని నొక్కి చూసుకున్నాడు, తర్వాత టక్కున కొట్టాడు. లాటు కళ్ళజోళ్ళాయనకి పోయింది. నాకు ఏడుపొచ్చింది. నిలబడి ఏడుస్తుంటే చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఎంత బాగా చేస్తోందిరా" అని ముందు వరసలో ఎవరో అన్నారు. నలభై నాలుగేళ్ళ ఆడదాన్ని, పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఏడుస్తుంటే ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. ఇన్నేళ్ళూ అందరికీ నేను అలవాటు చేసింది అదే కదా.

మొదట లేచింది మీ బావగారు. కుర్చీలు తోసుకుంటూ వేదిక దగ్గరకొచ్చి, "అది నాటకం కాదండీ, మా ఆవిడ నాటకంలో ముక్కు చీదదు" అన్నారు. ఆ మనిషి గ్రేడు ఆ క్షణమే ఆరుకి పెంచాను.

పాట అయ్యాక వెనక గదిలో కళ్ళజోళ్ళాయన్ని పట్టుకున్నాం. ఆయన పెట్టెని సంచిలో పెట్టుకుంటున్నాడు.

"అమ్మా, ఇది కూడా ఆటేనా?" అన్నాడు.

"కాదండీ."

"స్పాంజి సుత్తి పెట్టింది మీరే కదూ?"

"నేనే."

"మరి మిమ్మల్ని ఎలా నమ్మమంటారు?"

"నమ్మొద్దు. దాన్ని తెరిచి చూడండి. మధ్య కాగితం కుట్టు చివర ముడి ఎర్రగా ఉంటుంది. చీటీ మీద రంగు రాయలేదు, కాబట్టి నేను చదివి చెప్పేది కాదు. ఎర్రగా లేకపోతే నన్ను అబద్ధాలకోరని ఊరంతా చెప్పండి."

"ఊరంతా ఇప్పుడూ అంటూనే ఉంది కదమ్మా" అన్నాడు. కాని సంచి మూయడం ఆపాడు. "మీ పుస్తకమైతే పాత సామాన్ల కొట్టుకి ఎలా వెళ్ళింది?"

నీకు చెప్పాల్సిన మాట ముందు ఆయనకి చెప్పాను. మన్నించు. బయటివాళ్ళకి చెప్పడం తేలికగా ఉంటుంది. ఇప్పుడు నీకు చెప్తున్నాను, కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు.

నాన్న ఆ పుస్తకాన్ని కాల్చలేదు. నేను దాచాను.

నువ్వు రేవు పనికి వెళ్ళిపోయే రోజు. నాకు పదకొండేళ్ళు. పెట్టె సర్దుకుంటున్నావు, అన్నిటికన్నా పైన ఆరో సంచిక పెట్టావు. అది కనిపించకపోతే వెతుకుతావు, వెతికితే బస్సు పోతుంది, బస్సు పోతే ఇంకో రోజు ఉంటావు. నా తెలివి అంతే. తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల దుప్పటి మడతలోకి తోశాను. తొందరలో మధ్య కాగితం పిన్నుల నుంచి చిరిగి ఊడొచ్చింది. అప్పుడే భయం మొదలైంది. కాని ఆట సగంలో వదలడం నాకు చేతకాదు కదా. అట్ట మీది అంగవస్త్రంలాగే పసుపు రంగున్న సబ్బు కాగితం ఒకటి సగం కాల్చి, పొయ్యిలో పైకి కనపడేలా పెట్టాను. నువ్వు చూసి కెవ్వున అరుస్తావు, నేను నవ్వుతాను, పుస్తకం తీసి ఇస్తాను అనుకున్నాను.

నువ్వు అరవలేదు. ఆ పసుపు ముక్క చేతిలో పట్టుకుని మెల్లగా అన్నావు. "ఇది ఎవరు చేసినా సరే, వాళ్ళ మొహం ఈ జన్మలో చూడను." నీకా మాట గుర్తుందో లేదో. నాకు నీ గొంతుతో సహా గుర్తుంది. ఆ వారమే ఇంకోసారి ఆ పుస్తకాలు పట్టుకుంటే పొయ్యిలో పెడతానని నాన్న బెదిరించి ఉన్నాడు. అందుకే నాన్న వైపు తిరిగావు. "నువ్వే కదా?"

నాన్న పొయ్యి వంక చూశాడు. తర్వాత నా చేతుల వంక చూశాడు. వేళ్ళకి మసి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నాకైతే ఆ తర్వాతి ముప్పై మూడేళ్ళూ అదే చూపు. "అవునురా" అన్నాడు. "నేనే కాల్చాను. పనికెళ్ళేవాడికి బొమ్మల పుస్తకాలెందుకు?"

నువ్వు పెట్టె తీసుకుని వెళ్ళిపోయావు. బస్సు సరిగ్గా వేళకి వచ్చింది.

నువ్వు మొహం చూడనన్న మాట నాకు రావాల్సింది. అది నా మీద పడకుండా ఆయన మధ్యలో నిలబడి తీసుకున్నాడు. నువ్వు నాన్నని వదులుకున్నా నన్ను వదులుకోకూడదని. అమ్మ లేని ఇంట్లో నాకు నువ్వైనా మిగలాలని. ఆయన రాసిన రెండు ఉత్తరాలూ విప్పకుండా తిప్పి పంపావు, తప్పు పట్టడం లేదు. ఆయన పోయినప్పుడు రాలేదు, అదీ తప్పు పట్టడం లేదు. ఆ తర్వాత ఏడాదికి నువ్వు నాకు మొదటి ఉత్తరం రాస్తే, "ఆ మనిషి గురించి మాత్రం రాయకు" అన్నావు. హమ్మయ్య అనుకున్నాను అన్నయ్యా. నిజంగా అలాగే అనుకున్నాను. రాయకుండా ఉండటానికి నువ్వే అనుమతి ఇచ్చావని, ఇన్నేళ్ళు దాని చాటున దాక్కున్నాను.

నువ్వు వెళ్ళిన వారానికి దుప్పటి ఎత్తి చూస్తే పుస్తకం లేదు. నాన్నకి దొరికి, కోపంతో పారేశాడనుకున్నాను. అడిగే మొహం లేదు. ఆయనా అనలేదు. ఆయన పోయాక మిషనుని ఆ మలుపు కొట్టుకి అమ్మింది నేనే. కింది సొరుగు బిగుసుకుపోయి ఉంది. అందులో ఏముంటుంది, పాత బొత్తాలు తప్ప అనుకుని అలాగే ఇచ్చేశాను.

కళ్ళజోళ్ళాయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కొట్టు నిండా కళ్ళజోళ్ళున్న మనిషికి చూపు అంత మసకబారడం మొదటిసారి చూశాను. "నలభై ఏళ్ళుగా కొంటున్నానమ్మా. ఒక్కటి కూడా తెరవలేదు" అన్నాడు. మీ బావగారి జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. ఆయనే పెట్టె అంచున పెట్టి నొక్కారు. ప్లాస్టిక్ టప్పుమని విరిగింది. గ్రేడు పోయింది. కళ్ళజోళ్ళాయన పుస్తకం మధ్యకి తెరిచి నా ముందు పెట్టాడు.

తెల్లదారంతో ఏడు కుట్లు. చివర ఎర్రముడి.

వాసన కూడా ఉంది. మిషను నూనె వాసన.

ఇక పదహారో పేజీ. అంచున పెన్సిలు అంకెలు, ఒకదాని కింద ఒకటి ఆరు వరసలు. గ్రేడు వేసినవాళ్ళు ఎవరో పిల్లాడు లెక్కలు చేసుకున్నాడనుకుని ఉంటారు. నేను దర్జీ కూతుర్ని. ఛాతీ, భుజం, చెయ్యి. మొదటి వరస నువ్వు వెళ్ళేటప్పుడు ఆయన కుట్టిన చొక్కా కొలత: ముప్పై నాలుగు, పదహారు, ఇరవై రెండున్నర. దాని కింద వరసలో ఛాతీ ముప్పై అయిదు, చెయ్యి ఇరవై మూడు. దాని కింద ఇంకొంచెం. ఏడాదికో వరస అన్నయ్యా. నువ్వు ఎదురుగా లేకుండా, టేపు పెట్టకుండా, ఈ ఏడు వాడు ఇంత పెరిగి ఉంటాడని ఊహించి రాసుకున్నాడు. నాలుగో వరస పక్కన చిన్న అక్షరాలు: "రేవు పని. భుజం అర ఎక్కువ." అయిదో వరసకీ ఆరో వరసకీ తేడా లేదు. ఇరవై రెండో ఏట నీ ఎదుగుదల ఆగిందని తేల్చుకున్నట్టున్నాడు. ఏడో వరస రాయడానికి ఆయన లేడు.

ఆ రాసిన పేజీలో బొమ్మ ఏమిటో గుర్తుందా? గాలిపిడుగు ఎగురుతూ వెళ్తుంటాడు, కింద ఊరంతా చీమల్లా ఉండి తలెత్తి చూస్తుంటుంది. నాన్న ఆ చీమల పక్కన ఖాళీలో రాశాడు.

కళ్ళజోళ్ళాయన తను కట్టిన ధరకే పుస్తకం ఇచ్చేశాడు. ఒక్కటే అడిగాడు, ఇచ్చేముందు ఒకసారి చదువుకోనివ్వమని. స్టూలు లాక్కుని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివాడు. మీసం దగ్గర చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఈ పుస్తకాల్లో కథలు ఇంత బాగుంటాయని నాకు తెలియదమ్మా అన్నాడు.

ఇంతే అన్నయ్యా. నాకున్నది నువ్వు ఒక్కడివి. ఈ ఉత్తరం చదివాక నువ్వు ఇక రాయకపోవచ్చు. నెల రోజులు పెన్ను పట్టుకోకపోవడానికి భయం అదే. కాని నాన్నని "ఆ మనిషి" అని ఇంకొక్క ఉత్తరంలో చదవడం నావల్ల కాదు. కోపం ఉంటే అంతా నా మీద పడనీ, ఆయన మీద నుంచి మాత్రం తీసెయ్యి.

ఒక మనవి మాత్రం చేసుకుంటాను. ఎవరు చేసినా వాళ్ళ మొహం చూడనన్నావు. లెక్కేసి చూడు, ముప్పై మూడేళ్ళుగా నువ్వు నా మొహం చూడలేదు. తెలియకుండానే మాట నిలబెట్టుకున్నావు. ఇది చాలు అనిపిస్తే, శిక్ష అయిపోయిందని నువ్వే చెప్పాలి.

ఈ కవరులో నాన్న కొలతల టేపు పెడుతున్నాను. మిషను అమ్మినా ఇది అమ్మలేదు. ఒక చివర అంకెలు చెరిగిపోయాయి, పదమూడు నుంచి మొదలుపెట్టి కొలుచుకో. నాతో మాట్లాడాలని లేకపోతే ఇంకేమీ రాయకు, ఛాతీ, భుజం, చెయ్యి, మూడు అంకెలు రాసి పంపు చాలు. ఏడో వరస నేను రాసుకుంటాను. ఆయన ఊహ ఎంతవరకు నిజమైందో చూడాలని ఉంది.

పుస్తకం మాత్రం పంపడం లేదు. కావాలంటే వచ్చి తీసుకో. అప్పుడు నువ్వు వెళ్ళకూడదని దాచాను, ఇప్పుడు నువ్వు రావాలని దాచాను. వచ్చాక వెతుక్కోవాల్సిన పని లేదు, ఈసారి ఎక్కడ దాచానో ముందే చెప్తున్నాను: ఇస్త్రీ బల్ల దుప్పటి కింద.

ఇట్లు,
తలెత్తి దారి చూస్తున్న నీ చెల్లెలు,
ఎర్రచీమ